పందెం కాని ప్రయాణం

2024 నవంబరులో, కార్తీకమాసపు ఒక ఆదివారం నాడు, హైదరాబాదు ఎల్బీనగర్ నుంచి విజయవాడ రహదారి వెంట నకిరేకల్ దాకా వెళ్ళి తిరిగి వచ్చే 200 కిలోమీటర్ల సైకిలు యాత్రలో మేము 40 మందిమి పాల్గొన్నాం. యాత్ర ముగిసి వారం తిరక్కుండానే పాల్గొన్నవారిలో కొందరు నిర్వాహకుల ముందు రెండు ప్రతిపాదనలు పెట్టారు. మొదటిది: ఎవరెవరు ఎంతసేపట్లో పూర్తి చేశారో వరుస సంఖ్యలతో ఒక పట్టిక వేయాలి, ముందు వచ్చిన ముగ్గురికీ జ్ఞాపికలివ్వాలి. అధికారిక జాబితాలో అది కుదరదు గనుక అనధికారికంగానైనా వేయాలి. రెండవది: దారి పొడుగునా సర్వీసు రోడ్డు మీద వడ్లు ఆరబోసి మన వేగానికి అడ్డుపడిన రైతుల మీద అధికారులకు ఫిర్యాదు చేయాలి.

పైకి చూస్తే ఈ రెంటికీ పొత్తు కుదరదు. ఒకటి గడియారానికి సంబంధించినది, మరొకటి ధాన్యానికి సంబంధించినది. కానీ రెండూ ఒకే బుద్ధిలోంచి పుట్టాయని నా అభిప్రాయం. దారి మనదే, తోడు వచ్చినవాళ్ళు మన వేగాన్ని కొలుచుకోవడానికి పనికివచ్చే కొలబద్దలు మాత్రమే అనే బుద్ధి అది. ఈ రెండు ప్రతిపాదనలనూ నేను వ్యతిరేకించాను. ఎందుకు వ్యతిరేకించానో కాస్త వివరంగా చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

ముందు ఈ యాత్రల పుట్టుపూర్వోత్తరాలు కొంత చెప్పాలి. ఇటువంటి యాత్రను 'బ్రెవే' అంటారు. ఫ్రెంచి మాట. యోగ్యతాపత్రం అని అర్థం చెప్పుకోవచ్చు. దీని మూలం మాత్రం ఇటలీలో ఉంది. 1897లో 12 మంది ఇటాలియన్లు రోము నుంచి నేపుల్స్ దాకా సుమారు 230 కిలోమీటర్లు ఒక్క పగటిలో సైకిళ్ళ మీద వెళ్ళారు. అప్పటి రోడ్లూ అప్పటి సైకిళ్ళూ ఎలాంటివో తలచుకుంటే అది సామాన్యమైన సాహసం కాదు. అందుకే వారికి 'ఆడాక్స్' అన్న పేరు వచ్చింది. లాటిన్ భాషలో ఆ మాటకు సాహసి అని అర్థం. ఆ పద్ధతిని 1904లో ఫ్రాన్సుకు తెచ్చినవాడు ఆన్రీ దెగ్రాంజ్ అనే పత్రికా సంపాదకుడు. అంతకు ఏడాది ముందే, 1903లో, లోకప్రసిద్ధమైన 'టూర్ ద ఫ్రాన్స్' పందేన్ని మొదలుపెట్టినవాడు కూడా ఆయనే.

ఈ సంగతి దగ్గర నేను కాసేపు ఆగుతాను. ఒకే మనిషి ఏడాది తేడాతో రెండు పనులు ప్రారంభించాడు. ఒకటి ప్రపంచంలోకెల్లా కఠినమైన పందెం. రెండోది పందేనికి పూర్తిగా విరుద్ధమైన ప్రయాణం. మొదటిదానిలో ప్రతి క్షణమూ లెక్కకు వస్తుంది. రెండోదానిలో అందరూ ఒక నాయకుడి వెంట, నిర్ణీతమైన వేగంతో, కలిసి బయలుదేరి కలిసి చేరతారు. పోటీ అంటే ఏమిటో ఆయనకు తెలియక రెండోది పెట్టాడని ఎవరూ అనలేరు. రెండింటికీ వేరువేరు ప్రయోజనాలున్నాయని తెలిసే పెట్టాడని నేను అనుకుంటాను.

1921లో ఈ మార్గం రెండుగా చీలింది. నాయకుడి వెంట గుంపుగా నడిచే పద్ధతి ఒకటి. ఎవరి వేగంతో వారు వెళ్ళవచ్చుననే 'స్వేచ్ఛా గమనం' మరొకటి. మన దేశంలో ఇప్పుడు ఎక్కువగా జరుగుతున్నవి ఈ రెండో పద్ధతి యాత్రలే. పారిస్ ఆడాక్స్ క్లబ్బు వారి నియమాల ప్రకారం నడుస్తాయి. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిముషాలు గడువు. 300కు 20 గంటలు, 400కు 27, 600కు 40. ఈ నాలుగూ ఒకే ఋతుచక్రంలో, అంటే నవంబరు మొదలు మరుసటి అక్టోబరు దాకా, పూర్తి చేసినవారికి ఒక బిరుదు కూడా ఉన్నది. వీటన్నిటికీ పెద్దన్న పారిస్ నుంచి బ్రెస్ట్ దాకా వెళ్ళి తిరిగివచ్చే 1200 కిలోమీటర్ల పైచిలుకు యాత్ర. 1891లో అది పందెంగానే మొదలైంది. షార్ల్ తెరోఁ అనే వీరుడు నిద్ర మాని 71 గంటల 22 నిముషాల్లో దాన్ని గెలిచాడు. కాలక్రమాన పందెం అంతరించింది. సామాన్యుల యాత్ర మిగిలింది. నాలుగేళ్ళకొకసారి జరుగుతున్న ఆ యాత్రకు, 2023లో జరిగినదానితో సహా, మన దేశం నుంచి కూడా ఎందరో వెళ్ళి వస్తున్నారు.

ఈ నియమాల్లో నాకు ఎంతో ఇష్టమైనది ఒకటుంది. గడువు దాటితే యాత్ర చెల్లదన్న సంగతి అందరికీ తెలుసు. మరీ ముందుగా వచ్చినా చెల్లదన్నది చాలామంది పట్టించుకోరు. 200 కిలోమీటర్ల యాత్రలో చివరి మజిలీ బయలుదేరిన 5 గంటల 53 నిముషాలకు గాని తెరుచుకోదు. అంటే సగటున గంటకు 34 కిలోమీటర్ల కంటే వేగంగా వచ్చినవాడు తలుపు తీసేదాకా బయట కూర్చోవలసిందే! ఆలస్యానికే కాక తొందరకు కూడా హద్దు గీసిన ఆట నాకు తెలిసి మరొకటి లేదు. ఆ రెండు హద్దుల నడుమ వచ్చినవారందరూ సమానులే. ఫలితాల జాబితాలో స్థానాలుండవు. ఆరు గంటల్లో వచ్చినవాడికీ పదమూడున్నర గంటల్లో వచ్చినవాడికీ ఒకే పత్రం.

ఇక మా దారి సంగతి. శరదృతువులో దీర్ఘయాత్రలు పెట్టుకోవడానికి కారణం స్పష్టమే. వానలు వెనకబడతాయి, ఎండ ఇంకా పళ్ళు మొలవని పసిబిడ్డలా ఉంటుంది. అయితే కార్తీకంలో పగలు పొట్టిది. నవంబరు నడుమ హైదరాబాదులో సూర్యోదయం ఆరుం పావు దాటాక, సూర్యాస్తమయం ఆరు కొట్టక ముందే. ఉదయం 5 గంటలకు బయలుదేరితే గడువు సాయంత్రం 6:30కి ముగుస్తుంది. అంటే నెమ్మదిగా వెళ్ళేవాడికి మొదట ఒక గంటా చివర ఒక గంటా చీకటే. కనుక దీపాలూ, మెరిసే చొక్కా, శిరస్త్రాణం లేనిదే నిర్వాహకులు బయలుదేరనివ్వరు.

ఈ దారికి మరొక గుణం ఉంది. హైదరాబాదు ఎత్తున ఉన్న పీఠభూమి నగరం. నకిరేకల్ దానికి చాలా దిగువన ఉంది. కాబట్టి పోయేటప్పుడు దారి మనల్ని ఎత్తుకుని తీసుకుపోతుంది. వచ్చేటప్పుడు మనం దాన్ని ఎక్కాలి. చౌటుప్పల్, పంతంగి టోలుగేటు, చిట్యాల, నార్కట్‌పల్లి, కట్టంగూరు అన్నీ ఉదయం చలిలో ఒకదాని వెనుక ఒకటి జారిపోయాయి. అక్కడక్కడా చివరి కాపు సీతాఫలాలు గంపల్లో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు కనిపించారు. పత్తి బస్తాలు తలకు మించి పేర్చుకున్న ట్రాక్టర్లు కనిపించాయి. నిమ్మతోటలకు పేరుపడ్డ నకిరేకల్‌లో కార్డు మీద ముద్ర వేయించుకునే వేళకు ప్రతివాడూ తానొక వీరుడనే అనుకున్నాడు. అసలు యాత్ర అక్కడి నుంచి మొదలవుతుందన్న ఎరుక అనుభవం ఉన్న నలుగురైదుగురికే ఉంది.

గుంపుగా సైకిలు తొక్కడంలో ఒక భౌతిక రహస్యం ఉంది. ముందువాడు గాలిని చీల్చుకుంటూ పోతే అతని వెనుక దగ్గరగా నడిచేవాడికి శ్రమ దాదాపు నాలుగో వంతు, ఒక్కొక్కప్పుడు మూడో వంతు దాకా తగ్గుతుంది. కనుక జట్టుగా వెళ్ళేవారు వంతులు వేసుకుంటారు. కాసేపు ఒకరు ముందుంటారు. అలసట రాకముందే పక్కకు తొలగి వరుస చివరకు వస్తారు. వెనుకటి రోజుల్లో పల్లకీ బోయీలు భుజాలు మార్చుకున్నట్టు అన్నమాట. అందరూ అందలమెక్కితే మోసేదెవరన్న సామెత ఈ వరుసకు అక్షరాలా వర్తిస్తుంది. మా జట్టులో ఎనిమిది మందిమి కట్టంగూరు నుంచి చౌటుప్పల్ దాకా ఇలాగే వచ్చాం. ఆ ఎనిమిది మందిలో సాఫ్ట్‌వేరు ఉద్యోగులున్నారు, ఒక బ్యాంకు గుమస్తా ఉన్నాడు, ఒక వైద్యురాలుంది. ఎవరి పేరు ఎవరికీ సరిగా తెలియదు. అయినా ఎదుటివాడి వెనుక చక్రానికి రెండడుగుల దూరంలో మన ముందు చక్రాన్ని పెట్టి గంటల తరబడి నడిచామంటే, అంత నమ్మకం మన బంధువుల మీద కూడా మనకు ఉంటుందో ఉండదో!

ఇప్పుడు స్థానాల పట్టిక వేశామనుకోండి. ఈ వరుసకు ఏమవుతుంది? నేను ముందుండి గాలి కాస్తే నా వెనుకవాడు చివరి పది కిలోమీటర్లలో నన్ను దాటిపోతాడన్న లెక్క మనసులో మొదలవుతుంది. పందెంలో అది న్యాయమే, అక్కడి కళే అది. ఇక్కడ మాత్రం ఆ లెక్క ప్రవేశించిన మరుక్షణం ఎవడూ ముందుకు రాడు. వచ్చినా ఎవడూ వెనుకవాడి కోసం వేగం తగ్గించడు. ట్యూబు పంక్చరయితే ఆగేవాడుండడు. జట్టు అనే పదార్థమే విరిగిపోయి, ఒకే దారిన పోతున్న 40 మంది ఒంటరివాళ్ళు మిగులుతారు.

మా యాత్రలో చివరగా చేరిన వ్యక్తి అరవై దాటిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు. ఆయన సైకిలు గేర్లున్నదే గాని ఖరీదైనది కాదు. చిట్యాల దాటాక ఎగువ దారి మొదలైంది. అక్కడ ఆయన కాలికి కండరం పట్టేసింది. రోడ్డు పక్క చెట్టు కింద కూర్చుని ఉప్పు వేసిన మజ్జిగ తాగి, పది నిముషాలు కాలు చాపుకుని, మళ్ళీ ఎక్కాడు. ఆయన వెంట ఒక యువకుడు ఆగిపోయాడు. ఆ కుర్రవాడు తలచుకుంటే మధ్యాహ్నం రెండింటికే ఇల్లు చేరగలిగినవాడు. అయినా అక్కడి నుంచి ఎల్బీనగర్ దాకా గంటకు పదిహేనుకు మించని వేగంతో, పెద్దాయనకు గాలి కాస్తూ, ముందు నడిచాడు. సాయంత్రం 6:22కి వారిద్దరూ చేరారు. గడువుకు ఎనిమిది నిముషాలు మిగిలి ఉన్నది. అప్పటికి అక్కడ నిర్వాహకులతో కలిపి ఏడుగురమే ఉన్నాం. మిగిలినవారు ఎప్పుడో వెళ్ళిపోయారు.

స్థానాల పట్టిక వేస్తే ఆ కుర్రవాడి సంఖ్య ఎంత? ముప్పైతొమ్మిది. ఆనాటి యాత్రలో అందరికంటే గొప్పగా సైకిలు తొక్కినవాడికి చివరి నుంచి రెండో స్థానం! అంకెలు అబద్ధం చెప్పవంటారు. నిజమే, చెప్పవు. కాకపోతే మనం అడగవలసిన ప్రశ్నను అవి మార్చేస్తాయి. పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్ళు తాగడం మేలని పెద్దలన్నారు. నిలబడి మరొకడికి నీళ్ళు పట్టించడం అంతకంటే మేలు. ఆ మేలుకు పట్టికలో గడి ఉండదు.

పట్టిక కావాలన్నవారి వాదనను నేను తేలికగా తీసిపారేయడం లేదు. పోటీ లేనిదే మనిషి తన శక్తి హద్దును తెలుసుకోలేడని వారంటారు. కుర్రకారు రావాలంటే ఆకర్షణ ఉండాలంటారు. రెండింటిలోనూ నిజం ఉంది. అయితే పోటీ పడదలచినవారికి పందేలున్నాయి. అక్కడ రోడ్డు మూసి పెడతారు, వైద్యులు వెంట వస్తారు, తీర్పరులుంటారు. లారీలూ బస్సులూ ఎదురుగా తిరిగే జాతీయ రహదారి మీద, ఏ కాపుదలా లేకుండా, స్థానాల కోసం ఎగబడడం వీరత్వం కాదు, అవివేకం. ఆ అవివేకానికి మూల్యం చెల్లించేది కూడా ఎక్కువగా కుర్రకారే. ఇక శక్తి హద్దు తెలుసుకోవడమంటారా, గడువు ఉన్నది కదా. 200 అయ్యాక 300 ఉంది, 600 ఉంది. నిన్నటి మనతో ఇవాళ్టి మనం తలపడవచ్చు. పక్కవాడిని అందులోకి లాగనక్కర లేదు.

రెండో ప్రతిపాదనకు వస్తాను. నార్కట్‌పల్లి, కట్టంగూరు ప్రాంతాల్లో సర్వీసు రోడ్డు మీద కిలోమీటర్ల కొద్దీ వడ్లు ఆరబోసి ఉన్న మాట వాస్తవం. చాలాచోట్ల మేము దిగి నడవవలసి వచ్చింది, లేదా లారీల మధ్యకు పోవలసి వచ్చింది. విసుగు పుట్టడం సహజం. అయితే రైతు రోడ్డు మీదకు ఎందుకు వచ్చాడో విసుక్కునే ముందు ఒక్కసారి ఆలోచించాలి.

కొడవళ్ళతో కోసిన రోజుల్లో పైరు పనలుగా పొలంలోనే ఆరేది. తర్వాత కుప్ప వేసేవారు, తీరిక చూసుకుని నూర్చేవారు. గింజలోని చెమ్మ ఆ వారాల్లో మెల్లగా పోయేది. ఇప్పుడు కోత యంత్రం ఒక్క గంటలో ఎకరం కోసి పచ్చి గింజను ట్రాలీలో పోస్తుంది. ఐకేపీ కేంద్రంలో తేమ 17 శాతం దాటితే మద్దతు ధరకు కొనరు. కొన్నా తరుగు తీస్తారు. పోనీ ఇంటి ముందు ఆరబోద్దామంటే పాతకాలపు కళ్ళం లేదు. ఊరంతా ఒకే వారంలో కోస్తుంది, ఒకే వారంలో ఆరబెట్టాలి. వెడల్పుగా, చదునుగా, ఎండకు త్వరగా కాగే నేల ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. అదే తారురోడ్డు. మబ్బు పట్టిందంటే ఆ కుటుంబమంతా పట్టాలు పట్టుకుని పరుగులు పెడుతుంది. నాలుగు నెలల కష్టం ఆ పట్టా కింద ఉంది. మనం అక్కడ పోగొట్టుకున్నది నాలుగు నిముషాలు.

అలాగని రోడ్డు మీద వడ్లు పోయడం మంచిదని నేను అనను. రాత్రివేళ కుప్పల చుట్టూ పేర్చిన రాళ్ళూ, పైన కప్పిన నల్లటి పట్టాలూ కనిపించక మోటారు సైకిళ్ళవాళ్ళు పడి ప్రాణాలు పోగొట్టుకున్న ఉదంతాలు ప్రతి కోతల కాలంలోనూ వింటున్నాం. ఆ చచ్చిపోయేవాళ్ళు కూడా చాలావరకు ఆ చుట్టుపక్కల పల్లెల వాళ్ళే. కనుక ఫిర్యాదు చేయవలసిందే. ఎవరి మీద, ఏమని అన్నదే ప్రశ్న. రైతుల మీద కేసులు పెట్టండని కాదు, ఊరూరా సిమెంటు కళ్ళాలు కట్టించండని అడగాలి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. ఉపాధి హామీ నిధులతో తెలంగాణలో కళ్ళాలు కట్టించారు కూడా. ఆ ఖర్చు ఆ పథకం కిందికి వస్తుందా రాదా అని 2022లో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు వాదులాడుకున్నాయి. వాదం ఎవరిదైనా, ధాన్యం మాత్రం రోడ్డు మీదే ఉంది. నలభై మంది చదువుకున్నవాళ్ళం, సంతకాలు పెట్టి ఒక వినతిపత్రం పంపదలిస్తే అది పంపుదాం.

మరొక్క మాట. తిరుగు ప్రయాణంలో చీకటి పడ్డాక, అబ్దుల్లాపూర్‌మెట్, హయత్‌నగర్ ప్రాంతాల్లో నాకు మరికొందరు సైకిలువాళ్ళు కనిపించారు. పని దిగి ఇళ్ళకు పోతున్న కాపలాదార్లు, గోడౌన్ల కూలీలు. పాత నల్ల సైకిళ్ళు, క్యారియరు మీద టిఫిను డబ్బా, ముందు వెనుకా దీపం లేదు. మన ఊళ్ళలో ఒకప్పుడు పోస్టుమ్యాన్ మొదలు పంతులుగారి దాకా అందరి వాహనం అదే. తరాల తరబడి ఇంటింటి పేరైన అట్లాస్ సంస్థ సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడు, మూతపడింది. ఇవాళ సైకిలు ఒకవైపు మనబోటివాళ్ళకు వ్యాయామంగానూ, మరోవైపు పెట్రోలు కొనలేనివాళ్ళకు గత్యంతరం లేనిదిగానూ మిగిలింది. నగరం బయటి వలయ రహదారి పక్కన 2023లో సౌరఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు బాట వేశారు. సంతోషం. కానీ ఈ కూలీ సాయంత్రం పోయే దారిలో అటువంటిది లేదు. మా జట్టులో ఒక్కొక్కరి వెనుక వెలిగే ఎర్రదీపం ఖరీదు పెడితే అతని సైకిలు సగం వస్తుంది. ఆ రహదారి మీద ఏటా వేల కిలోమీటర్లు తొక్కేవాడు అతను. యోగ్యతాపత్రం మాత్రం మనకు.

అందుచేత జ్ఞాపికల కోసం వసూలు చేద్దామనుకున్న డబ్బుతో ఒక పని చేయమని నిర్వాహకులకు రాశాను. వెలుతురు పడితే మెరిసే పట్టీలూ, చౌకరకం వెనుక దీపాలూ కొన్ని కొని, ప్రతి యాత్రకూ ముందు ఆ దారిలో సైకిలు తొక్కేవారికి బిగించి పెడదాం. ఒక్కొక్కదానికి నూరు, నూటయాభై రూపాయలకు మించదు. నిర్వాహకులు ఇంకా జవాబివ్వలేదు. పట్టిక విషయమూ తేలలేదు. చర్చ సాగుతోంది. పట్టిక కోరినవారు నాకు శత్రువులు కారు. వారి వెనుక చక్రానికి రెండడుగుల దూరంలో గంటల తరబడి నడిచినవాణ్ణి. వారికి నేను చెప్పేది ఇంతే. మన దగ్గర గడియారం ఉండనీయండి, గడువుకు అది కావాలి. దానితో తోటివాడిని మాత్రం కొలవవద్దు. వచ్చే 300 కిలోమీటర్ల యాత్రకు ఆ విశ్రాంత ఉపాధ్యాయుడు ఇప్పటికే పేరు ఇచ్చాడు. ఆయనకు ముందు ఎవరు నడుస్తారన్నది, ఎవరు ముందు చేరతారన్నదానికంటే పెద్ద ప్రశ్న.